సుగ్రీవుడైనా ఏడాది కాపలా కాశాడు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఓటీటీ పేజీలో 'సూపర్‌నేచురల్' సీరియల్ గురించి నాలుగు ముక్కలు వేశారు, దయ్యాల్ని వేటాడే అన్నదమ్ముల అనుబంధం, పదిహేను సీజన్లు, తీరిక ఉంటే చూడొచ్చు అని. తీరిక ఉంటేనా అండీ! 327 ఎపిసోడ్లు బాబూ అవి, రిటైర్ అయినోళ్లకి తప్ప అంత తీరిక ఎవరికుంటుంది. సరే అది కాదు నా గొడవ. ఆ ముక్క ఫొటో తీసి డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడికి వాట్సాప్‌లో పెట్టా, ఊరికే నవ్వుకుంటాడని, వాడు ఆఫీసుకి వెళ్లే టైంలో ఫోన్ చేసి నలభై నిమిషాలు వాదించాడు. ఇది ఇవాళ్టి తగువు కాదు, పదిహేనేళ్ల పైబడి నడుస్తోంది. తప్పు అందులో తమ్ముడు సామ్‌దా అన్న డీన్‌దా, సీరియల్ ఎక్కడ చెడింది, ఈ రెండే. మీ పేజీ పుణ్యమా అని మళ్లీ రాజుకుంది కాబట్టి నా వాదన మీరే అచ్చెయ్యాలి, వాడు అక్కడ ఈ-పేపర్ చదువుతాడు.

చూడనివాళ్ల కోసం రెండు మాటలు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, లారెన్స్ అనే ఊళ్లో 1983లో ఒక రాత్రి పసివాడి గదిలో తల్లి మంటల్లో పోతుంది, చంపింది ఒక పసుపు కళ్ల దయ్యం. తండ్రి జాన్ ఇద్దరు కొడుకుల్నీ కారులో వేసుకుని ఊరూరా తిప్పుతూ వేటగాళ్లలా పెంచుతాడు. పెద్దవాడు డీన్ నాన్న మాట జవదాటడు, చిన్నవాడు సామ్ ఈ బతుకు నాకొద్దని స్టాన్‌ఫర్డ్‌లో చదువుకోడానికి పోతాడు. ఒక రాత్రి డీన్ తమ్ముడి ఇంట్లో దొంగలా దూరి, నాన్న వేటకెళ్లి రాలేదురా అంటాడు. 2005 సెప్టెంబర్‌లో అక్కడ మొదలై 2020 నవంబర్‌లో ముగిసింది.

మేం చూడ్డం మొదలుపెట్టింది నా ఇంజినీరింగ్ రోజుల్లో, ఒక సీనియర్ హార్డ్ డిస్క్ నుంచి ఎక్కించుకుని సెలవులకి తెనాలి తెచ్చా. తమ్ముడు అప్పుడు ఇంటర్. అమ్మ పడుకున్నాక లైట్లు ఆర్పేసి, ఒకటే హెడ్‌ఫోన్స్ చెరో చెవిలో పెట్టుకుని చూసేవాళ్లం. నేను పెద్దవాణ్ణి కాబట్టి డీన్ పార్టీ, వాడు చిన్నవాడు కాబట్టి సామ్ పార్టీ, దీనికి వేరే కారణం ఉందని ఇద్దరం బుకాయించుకుంటాం గానీ లేదు.

మొదటి ఐదు సీజన్లు ఎందుకు అంత బాగుంటాయి అంటే చావుకి రేటు ఉంది కాబట్టి. రెండో సీజన్ మొదట్లో డీన్ చావు బతుకుల్లో ఉంటే తండ్రి తన ఆత్మని ఆ పసుపు కళ్ల వాడికే అమ్ముకుని కొడుకుని బతికిస్తాడు, పోతూ పోతూ పెద్దాడి చెవిలో ఒక మాట చెప్తాడు, తమ్ముణ్ణి కాపాడలేకపోతే నువ్వే చంపాల్సొస్తుంది అని. అదే సీజన్ చివర్లో సామ్‌ని వెనక నుంచి పొడిచేస్తే డీన్ నాలుగురోడ్ల కూడలికెళ్లి తన ఆత్మ అమ్ముతాడు, గడువు ఒక్కటంటే ఒక్క ఏడాది. గడువు తీరగానే వేటకుక్కలు వచ్చి నిజంగానే చీల్చేసి నరకానికి ఈడ్చుకుపోతాయి, ఆ రాత్రి మా తమ్ముడు అన్నం తినలేదు. డీన్ తిరిగొస్తాడు, కానీ భూమ్మీద నాలుగు నెలలైతే నరకంలో నలభై ఏళ్లు పడి, అందులో చివరి పదేళ్లు తనే కత్తి పట్టి వేరే ఆత్మల్ని హింసించిన మనిషిగా వస్తాడు. ఐదో సీజన్ చివర సామ్ తన ఒంట్లో సైతాను లూసిఫర్ ఉండగానే, వాణ్ణి బంధించడానికి నరకపు గోతిలోకి దూకేస్తాడు. ఈ కథ కట్టిన ఎరిక్ క్రిప్కే ఐదేళ్లకే అనుకుని రాసుకున్నాడు, అయిపోగానే పగ్గాలు వేరేవాళ్ల చేతికిచ్చి పక్కకెళ్లాడు. సీరియల్ మాత్రం ఇంకో పదేళ్లు నడిచింది.

మధ్యలో ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ ఐదో సీజన్లోనే ఒక ఎపిసోడ్‌లో అన్ని దేశాల దేవుళ్లనీ ఒక హోటల్లో కూర్చోబెట్టారు, మనుషుల్ని వండుకు తినే బాపతుగా, అందులో మన గణపతి, కాళి కూడా ఉన్నారు, గణపతి లూసిఫర్ చేతిలో పోతాడు. సరిగ్గా అప్పుడే అమ్మ మంచినీళ్లకి లేచి రావాలా! ఆవిడకి మేం ఏం చూస్తున్నామో అర్థం కాలేదు, పేరు మాత్రం వినపడింది, వినాయకుడు ఎక్కడ్రా అంది. టక్కున ల్యాప్‌టాప్ మూసేశాం. ఇప్పటికీ ఆ ఎపిసోడ్ అంటే నాకు ఒళ్లు మంట, బాగుందంటాడు తమ్ముడు.

ఇక అసలు తగువు. ఎనిమిదో సీజన్. డీన్ పర్గటరీ అనే చోట ఇరుక్కుంటాడు, చచ్చిన రాక్షసులన్నీ తిరిగే అడవి అనుకోండి, అక్కడ ఏడాది పాటు పగలూ రాత్రీ నరుక్కుంటూ బతికి బయటపడి తమ్ముడి దగ్గరికొస్తాడు. వచ్చి అడుగుతాడు, నాకోసం వెతికావా అని. లేదు అంటాడు సామ్. కారుతో ఒక కుక్కని గుద్ది, దాన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఆ డాక్టరమ్మతోనే కాపురం పెట్టాడంట. ఏడాది పాటు అన్న ఏమయ్యాడో కనీసం ఒక పుస్తకం తిప్పలేదు, ఒక ఫోన్ ఎత్తలేదు. మా తమ్ముడు దీన్ని కూడా వెనకేసుకొస్తాడు, మనసు విరిగిపోయినోడు అలాగే చేస్తాడు అన్నయ్యా అంటాడు. నేను వాడికి చెప్పేది ఒకటే, కిష్కింధాకాండ చదువు. వాలి మాయావిని తరుముకుంటూ గుహలోకి పోయాడు, సుగ్రీవుడు గుమ్మం దగ్గర ఏడాది నిలబడ్డాడు, లోపల్నుంచి నురగతో నెత్తురొచ్చింది, రాక్షసుల అరుపులు వినపడ్డాయి, అన్న గొంతు వినపడలేదు, అప్పుడు గదా కొండంత రాయి అడ్డంపెట్టి, అన్నకి నీళ్లు వదిలి ఇంటికొచ్చాడు. వాలి తిరిగొచ్చి కోప్పడ్డంలో న్యాయం ఉంది, సుగ్రీవుడు తల వంచుకుని కాళ్ల మీద పడ్డంలోనూ న్యాయం ఉంది, ఎవరి పక్కన నిలబడాలో మనకి తెలీదు, అందుకే ఇన్ని వందల ఏళ్లుగా వాదించుకుంటున్నాం. వాల్మీకి సుగ్రీవుడికి నెత్తురు చూపించాడు. సామ్‌కి కుక్కని చూపించారు.

తమ్ముడు ఊరుకుంటాడా, డీన్ చేసినవి చదువుతాడు, వాడి దగ్గర చిట్టా ఉంది. ఏడో సీజన్లో ఏమీ అనే ఆమె, మనిషి కాదు, చిన్నప్పుడు సామ్ ప్రాణం కాపాడింది, తన కొడుక్కి జబ్బు చేసి వేరే దారిలేక మనుషుల్ని చంపుతుంది, సామ్ వదిలేద్దాం అంటే డీన్ సరేనని మాటిచ్చి తమ్ముడికి తెలీకుండా వెళ్లి కత్తి దింపేస్తాడు, కొడుకు చూస్తుండగా. ఇదే డీన్ మరుసటి ఏడాది బెన్నీ అనే రక్తపిశాచిని వెంటేసుకొచ్చి వీడు నా తమ్ముడి కంటే నయం అన్నట్టు మాట్లాడతాడు. ఏమీ రాక్షసి, బెన్నీ ఫ్రెండా అని అడిగాడు తమ్ముడు. దానికి నా దగ్గర జవాబు లేదు, అప్పుడూ లేదు ఇప్పుడూ లేదు. తర్వాత తొమ్మిదో సీజన్లో సామ్ పోవడానికి సిద్ధపడి పడుకుని ఉంటే డీన్ మోసం చేసి ఒక దేవదూతని వాడి ఒంట్లోకి ఎక్కిస్తాడు, వాడికి తెలీకుండా నెలల తరబడి దాస్తాడు, ఆ దూత అదే చేతుల్తో కెవిన్ అనే కుర్రాణ్ణి చంపేస్తాడు. పదో సీజన్లో వీళ్ల స్నేహితురాలు చార్లీ చితి కాలుతుంటే పక్కనే నిలబడ్డ సొంత తమ్ముడితో ఆమె బదులు నువ్వుండాల్సింది అంటాడు. ఆ డైలాగ్ దగ్గర నేను కూడా పార్టీ మారదామా అనుకున్నా. పద్నాలుగో సీజన్లో జాక్ అనే పిల్లాణ్ణి, వీళ్లే పెంచారు, అబద్ధం చెప్పి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేయిస్తాడు.

చూశారా, చిట్టా చదివితే ఇద్దరూ బతకనివ్వదగ్గ మనుషులు కారు. అభిమానులు చేసేది ఇదే, సామ్ పార్టీ డీన్ పాపాలు లెక్కపెడుతుంది, డీన్ పార్టీ శక్తుల కోసం సామ్ తాగిన దయ్యం రక్తం సీసాలు లెక్కపెడుతుంది. నేనూ పదేళ్లు అదే చేశా. కానీ మొన్న ఫోన్ పెట్టేశాక కూర్చుని ఆలోచిస్తే, మేం లెక్కపెట్టేవాటిలో పెద్దవన్నీ ఆరో సీజన్ తర్వాతవే ఎక్కువ ఎందుకున్నాయి అనిపించింది.

నాకు తోచింది చెప్తా. ఐదో సీజన్ తర్వాత చావు చవకైపోయింది. గోతిలో దూకిన సామ్ ఆరో సీజన్ మొదటి ఎపిసోడ్‌కే పైకొచ్చాడు. కాస్టియల్ అనే దేవదూత ఎన్నిసార్లు పోయి ఎన్నిసార్లొచ్చాడో నేను లెక్క వదిలేశా. 1983లో కాలిపోయిన తల్లి మేరీ కూడా పదకొండో సీజన్ చివర తెల్ల గౌనుతో అడవిలో నిలబడి ఉంది. డీన్ చచ్చి, దయ్యమై, మళ్లీ మనిషయ్యాడు. వీటన్నిటికీ పరాకాష్ట పదో సీజన్ చివర, మృత్యువు అనే పాత్ర ఉంది, షికాగోలో ప్రశాంతంగా పిజ్జా తింటూ పరిచయమవుతాడు, మొత్తం సీరియల్లో డీన్ నిజంగా భయపడే ఒకే ఒక్క మనిషి, వాణ్ణి వాడి కొడవలితోనే డీన్ చంపేస్తాడు. యముణ్ణే చంపేశాక ఇంక కథలో భయం ఏం మిగిలిందండీ? సావిత్రి యముడి వెనకాల నడుస్తుంటే మనకి ఊపిరి బిగపట్టేది ఆయన ఇవ్వను అనగలడు కాబట్టి.

చావుకి భయం లేనప్పుడు రచయిత చేతిలో మిగిలేది ఒక్కటే, అన్నదమ్ముల మధ్య అబద్ధం. అదొక్కటే ఇంకా నొప్పి పుట్టిస్తుంది. అందుకే ప్రతి ఏడాదీ అదే, ఒకడు దాస్తాడు, మధ్యలో రెండోవాడికి తెలుస్తుంది, కొన్ని ఎపిసోడ్లు కారులో మాట్లాడుకోరు, చివర్లో ఒకడికోసం ఇంకొకడు లోకాన్ని తగలబెట్టడానికి రెడీ. ఏడాదికి ఇరవైకి పైగా ఎపిసోడ్లు నింపాలి, నొప్పి కావాలంటే పోయినసారి కంటే పెద్ద దెబ్బ కొట్టాలి, అలా కొట్టుకుంటూ పోతే డీన్ క్రూరుడిలా, సామ్ పట్టనివాడిలా కనపడక ఏమవుతారు. వాళ్ల గుణం మారలేదు, వాళ్లని పోషించే చావు పోయింది. మన డైలీ సీరియళ్లలో లోయలో పడ్డవాళ్లు కొత్త మొహంతో తిరిగొచ్చాక అత్తగారు విషం డోసు పెంచాల్సి రావడం చూస్తున్నాం కదా, అదే రోగం.

దీనికి తమ్ముడు ఒక మంచి పాయింట్ తీశాడు, మరి పదకొండో సీజన్లో 'బేబీ' అనే ఎపిసోడ్ ఎలా బాగుంది అని. నిజమే, కెమెరా మొత్తం కారులోంచే, ఇద్దరూ పాటలు పాడుకుంటూ, నాన్న గురించి మాట్లాడుకుంటూ, కారు వెనక సీట్లో పడుకుని. చాలా బాగుంటుంది. కానీ ఒరేయ్, అందులో ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పరురా! నా పాయింటే కదా అది. ఫోన్లో రెండు సెకన్లు సౌండ్ లేదు, ఆఫీస్ కాల్ వస్తోంది అన్నాడు.

చివరి సీజన్ గురించి మాత్రం ఇద్దరం ఒకటే పార్టీ. అందులో చక్ అని ఒకడు, పుస్తకాలు రాసుకునేవాడు, వాడే దేవుడని పదకొండో సీజన్లోనే తేలింది, అన్న తమ్ముణ్ణి చంపితే చూడాలని ఇన్నేళ్లూ వీళ్ల కష్టాలన్నీ వాడే రాశాడంట. రాసేవాడే విలన్ అని రచయితలు వాళ్లంతట వాళ్లే ఒప్పుకున్నట్టుంది కదా అని మొదట ముచ్చటపడ్డాం. తర్వాత తొండి అనిపించింది. ఏమీని పొడిచిందీ, చితి దగ్గర ఆ మాట అందీ అన్నీ చక్ ఖాతాలో వేసి డీన్‌ని కడిగేస్తే, డీన్ మా వాడు ఎలా అవుతాడు? తప్పు చేసి మోసేవాడు కాబట్టే కదా నేను వాడి పార్టీ.

చివరి ఎపిసోడ్ సంగతి. 2020 మార్చిలో ఇంకో రెండు ఎపిసోడ్ల షూటింగ్ మిగిలుండగా కరోనా వచ్చి ఆగిపోయి, తర్వాత తీశారు. లోకాల్ని కాపాడినవాడు ఒక పశువుల కొట్టంలో మామూలు రక్తపిశాచులతో కొట్లాడుతూ స్తంభానికున్న ఇనప చువ్వ వీపులో దిగి పోతాడు. అభిమానులు సగం మంది బూతులు తిట్టారు, పదిహేనేళ్లు చూస్తే చువ్వా అని. తమ్ముడూ తిట్టాడు, సామ్ ముసలాడైనప్పుడు పెట్టిన విగ్గుని ఇంకా ఎక్కువ తిట్టాడు, అది తిట్టదగ్గ విగ్గే. నేను మాత్రం, చెప్తే నవ్వుతారు, మా ఆవిడ వచ్చి ఏమైందండీ అనేదాకా ఏడ్చా. ఆసుపత్రికి ఫోన్ చేస్తానంటే వద్దంటాడు డీన్, తిరిగి తేవొద్దు, బేరాలొద్దు, ఇక్కడే నాతో ఉండు అంటాడు. తమ్ముడు వింటాడు. కూడలికి పోడు, ఆత్మ అమ్మడు. అన్నని కాల్చి, కుక్కని వెంటబెట్టుకుని, అన్న పేరే పెట్టుకున్న కొడుకుని పెంచి, ముసలాడై పోతాడు. పదేళ్ల తర్వాత మళ్లీ ఆ సీరియల్లో ఒక చావు చావులా ఉంది. తమ్ముడు ఒప్పుకోడు, వాడికి ఆ చువ్వే కనపడుతుంది, ఒప్పుకోకపోతే పోనీ.

ఇంకో చిన్న సవరణ, వీలుంటే వచ్చే ఆదివారం వేయండి. మీ పేజీలో వాళ్లది 'ఏదో పాత నల్ల కారు' అని రాశారు. అది 1967 షెవర్లే ఇంపాలా అండీ. ఈ విషయంలో మాత్రం మా ఇంట్లో రెండు పార్టీలూ మీ మీద కోపంగా ఉన్నాయి.

ఇట్లు,
మీ పాఠకుడు,
తెనాలి.