కుర్సురాలో జనానికి ఏం చెప్పాలి: పెద్దబాబుకి ఉత్తరం

చిరంజీవి పెద్దబాబుకి నాన్న ఆశీస్సులు.

మేమిద్దరం క్షేమం. సర్వీసు అయిపోయింది కదా, ఇకమీద ఆదివారాలు విశాఖ బీచ్‌లోని కుర్సురా జలాంతర్గామి మ్యూజియంలో జనానికి బోటు చూపించే పనిలో సాయంగా ఉంటానన్నావు. చాలా సంతోషం. అక్కడ చూపించేది నౌకాదళంలో పనిచేసి దిగినవాళ్లే కాబట్టి నీకు కొత్త ఉండదు. అయితే దాని తర్వాత వచ్చిన సింధుఘోష్ తరగతి జలాంతర్గామిలో తిరిగినవాడికి కుర్సురా సగమే తెలిసినట్టు. మిగతా సగం, దాన్ని ఏమీ తెలియని మనిషికి ఎలా చెప్పాలన్నది ఫోన్లో తేలేది కాదు. అందుకే రాస్తున్నాను.

అక్కడ నిన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటి: "ఘాజీని ముంచింది ఇదేనా అండీ?" సినిమా చూసి వస్తారు, బీచ్‌లోనే 1971 విజయ స్మారకం కనబడుతుంది, రెండూ కలిపేసుకుంటారు. అవునంటే మురిసిపోతారు. అయినా అనకు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరంలో మునిగింది 1971 డిసెంబర్ 3 రాత్రి తెల్లవారేలోగా. కుర్సురా ఆ నవంబర్‌లో అరేబియా సముద్రం వైపు గస్తీలో ఉంది. గస్తీని తోటి జలాంతర్గామి కరంజ్‌కు అప్పగించి బొంబాయికి తిరిగి వస్తున్న రోజులవి. మన నౌకాదళం చెప్పేది మన యుద్ధనౌక రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల (నీటి అడుగున పేలే బాంబుల) వల్ల ఘాజీ మునిగిందని. పాకిస్తాన్ చెప్పేది లోపల పేలుడు జరిగిందనో, తాము సముద్రంలో పరిచిన మందుపాతరే తగిలిందనో. రెండూ చెప్పి, ఎవరి మాట ఏదో కూడా చెప్పు. యూనిఫాం వేసిన మనిషి నోటి నుంచి వచ్చింది పిల్లలు పరీక్షలో రాసేంత గట్టిగా నమ్ముతారు. అందుకే నువ్వు చూసినది, విన్నది, చదివినది వేరువేరుగా చెప్పడం అలవాటు చేసుకో. "నేను పనిచేసింది దీని మీద కాదు, దీని తర్వాత వచ్చిన బోటు మీద" అని మొదట్లోనే చెప్పేస్తే నీ గౌరవం తగ్గదు, తర్వాత చెప్పేదంతా నమ్ముతారు.

బోటు చరిత్రకు రెండు నిమిషాలు చాలు, అదీ బయట నిలబడే చెప్పాలి. 1969 డిసెంబర్ 18న సోవియట్ యూనియన్‌లోని రిగాలో నౌకాదళంలో చేరింది. 2001 ఫిబ్రవరి 27న సెలవు తీసుకుంది. ఈ 31 ఏళ్లలో తిరిగింది 73,500 నాటికల్ మైళ్లు. 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. పొడవు 91.3 మీటర్లు, వెడల్పు 7.5. నీటిపైన ఉంటే 1,950 టన్నులు, మునిగితే 2,475. ఈ రెండు అంకెల తేడాను మాత్రం వదలకు. ఆ 525 టన్నులూ ట్యాంకుల్లోకి వచ్చిన సముద్రపు నీరే. అక్కణ్ణుంచి బోటు ఎలా మునుగుతుందో చెప్పడానికి దారి దొరుకుతుంది. ఇంకో సంగతి కూడా చెప్పదగ్గది. సోవియట్ నుంచి విడిభాగాలు సమయానికి రాక, 1970ల రెండో సగంలో దీని భాగాలు విప్పి తోటి బోట్లకు పెట్టారు. తర్వాత రీఫిట్ (పూర్తి మరమ్మతు) చేసి మళ్లీ సముద్రంలోకి దింపారు. అలా ఖాళీ అయిన బోటును మళ్లీ నడిపించిన డాక్‌యార్డు మనుషుల పనితనం ఎవరూ అడగరు, నువ్వే చెప్పు.

మునగడం, తేలడం మాటలతో ఎవరికీ ఎక్కదు. ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ టబ్బు, ఒక ప్లాస్టిక్ గ్లాసు, ఒక స్ట్రా పట్టుకెళ్లు. గ్లాసు అడుగున స్ట్రా బిగుతుగా పట్టేంత చిల్లు పెట్టు. అంచు చుట్టూ రెండు మూడు నాణేలు టేపుతో అంటించు, లేకపోతే గ్లాసు పక్కకు ఒరిగిపోతుంది. చిల్లు వేలితో మూసి గ్లాసును బోర్లించి నీళ్లలో పెడితే తేలుతుంది. వేలు తీస్తే గాలి పైకి పోయి, నీరు కింది నుంచి ఎక్కి, మునుగుతుంది. బోటు ట్యాంకుల పైన గాలి వదిలే వెంట్ వాల్వు చేసేది అదే. మళ్లీ ఆ చిల్లులో స్ట్రా దూర్చి ఊదితే నీరు కిందికి పోయి పైకి లేస్తుంది. బోటులో ఊదేది సీసాల్లో చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల ఒత్తిడితో నింపిన గాలి. నీటి అడుగున అవసరానికి అదే దిక్కు కాబట్టి దాన్ని ఎంత పొదుపుగా వాడతారో అప్పుడు చెబితే చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. నాణేల బరువు ఇంట్లోనే సరిచూసుకో. ఎక్కువైతే ఊదినా లేవదు.

లోపల ఏడు కంపార్ట్‌మెంట్లు. అన్నిచోట్లా ఒకే తీరున ఆగకు. మొదటిదాంట్లో ఆరు టార్పెడో ట్యూబులు, ఏడోదాంట్లో నాలుగు, మొత్తం 22 టార్పెడోలు మోసేది. ఇవి చూడగానే ఫోటోల కోసం ఆగిపోతారు, కాబట్టి మొదటి గదిలో తక్కువ మాట్లాడి ముందుకు నడిపించు. రెండు, నాలుగు గదుల్లో మాత్రం కాళ్ల కింద ఏముందో చెప్పకుండా దాటకు. బ్యాటరీ ఆ నేల కింద ఉండేది. 112 సెల్లులు చొప్పున నాలుగు గ్రూపులు, మొత్తం 448. బోటు బతుకంతా ఆ బ్యాటరీ. నీటి అడుగున డీజిల్ నడవదు, దానికి గాలి కావాలి. కాబట్టి మోటార్లు బ్యాటరీ మీదే నడవాలి. బ్యాటరీ తగ్గితే పైకి రావాలి, లేదా స్నార్కెల్ గొట్టం నీటిపైకి ఎత్తి డీజిళ్లు నడపాలి. ఆ సమయంలోనే శత్రువు చెవికీ రాడార్‌కీ దొరికేది. జలాంతర్గామి యుద్ధంలో తెలివంతా ఎప్పుడు ఛార్జ్ చేయాలన్న నిర్ణయంలోనే ఉంది. ఛార్జ్ చేసేటప్పుడు హైడ్రోజన్ వస్తుందనీ, గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వతో అంటుకుంటుందనీ, సెల్లులోకి సముద్రపు నీరు చేరితే క్లోరిన్ పుడుతుందనీ చెప్పు. అగ్గిపెట్టె మీద అంత కట్టడి ఎందుకో అప్పుడు వాళ్లకే తెలుస్తుంది.

ఆ చోటే ఎవరో ఒకరు సింధురక్షక్ గురించి అడుగుతారు. 2013 ఆగస్టు 14న ముంబైలో ఆ జలాంతర్గామిలో పేలుడు జరిగింది, 18 మంది పోయారు. అంతవరకే చెప్పు. కారణాల మీద నీ ఊహలు వద్దు. ఆ గుంపులో వాళ్ల బంధువు ఉండొచ్చు.

మూడోది కంట్రోల్ రూమ్. పెరిస్కోపు చుట్టూ మూగుతారు. నువ్వు పెరిస్కోపు వదిలేసి, అందరి చూపునూ లోతు చూపే గేజి వైపు తిప్పు. పది మీటర్లకు ఒక కిలో చొప్పున 250 మీటర్ల దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీద 25 కిలోల నీటి ఒత్తిడి. వాళ్ల గోరు కొలత మీద ఆ బరువు ఊహించుకోమను. ఐదో గదిలో మూడు డీజిళ్లు, ఒక్కోటి 2,000 హార్స్‌పవర్. ఆరో గదిలో మూడు మోటార్లు, మధ్యది 2,700, పక్కవి 1,350 చొప్పున. మీ బోటుకు ప్రొపెల్లరు తిప్పే షాఫ్టు ఒకటే, దీనికి మూడు. అది నీకు ఆసక్తి గానీ జనానికి కాదు. వాళ్లకు ఆసక్తి 75 మంది ఇందులో ఎలా ఉన్నారన్నది: ఎక్కడ పడుకున్నారు, వంటకు ఎంత చోటు, స్నానానికి నీళ్లు ఎన్ని. నాలుగో గదిలో వంటగది ముందు ఆగి ఒక పూట వంట ఎన్ని విడతల్లో వడ్డించాలో వాళ్లచేతే లెక్క వేయించు.

మన అణు జలాంతర్గామి అరిహంత్ గురించీ, నువ్వు పనిచేసిన బోటు గురించీ అడిగితే "అది చెప్పకూడదు" అని నవ్వుతూ ఒక్క మాటతో ఆపు. లోతు, చప్పుడు, సోనార్ దూరం, గస్తీ చోటు, ఇవి నోట రాకూడదు. పత్రికలో వచ్చిందే కదా అని నువ్వు ధ్రువపరిచినా తప్పే.

గుంపు పన్నెండు, పదిహేను మంది దాటితే వెనకవాళ్లకు మాట వినబడదు, ముందువాళ్లు కదలరు. వెనకాల ఇంకో మనిషి ఉండాలి. ఒడిశా, బెంగాల్ నుంచి అరకు చూడ్డానికి వచ్చేవాళ్లు ఎక్కువ, కాబట్టి తెలుగులో చెప్పిన ప్రతిదీ పొట్టిగా హిందీలో కూడా సిద్ధం చేసుకో. గుండ్రటి ద్వారాల దగ్గర పడడం కంటే తల తగలడం ఎక్కువ, ఎందుకంటే కాలు ఎక్కడ పెట్టాలా అని కిందికి చూస్తూ దూరతారు. ముందు పై అంచు చేత్తో పట్టుకుని, ఒక కాలు అవతల పెట్టి, తర్వాత నడుము వంచి తల తీసుకురావాలి. ఇది నువ్వు చేసి చూపించాకే ఎవరినైనా దాటనివ్వు. చీరలో ఉన్నవాళ్లను కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకోమను, చంటిపిల్లను ముందు అవతలివాళ్లకు అందించమను. మోకాళ్ల నొప్పులవాళ్లకూ, ఇరుకు చోట ఊపిరాడనట్టు ఉండేవాళ్లకూ టిక్కెట్టు కొనకముందే చెప్పాలి. మధ్య గదిలో వెనక్కి తిప్పడం అందరికీ ఇబ్బంది. బయటికొచ్చాక రోడ్డుకు అవతలున్న టీయూ-142 వైపు పంపు. జలాంతర్గామిని చూశాక, జలాంతర్గామిని వేటాడిన విమానం చూడడం సరైన వరస.

ఇక ఇనుము సంగతి. సముద్రం పక్కనే ఉంది, ఉప్పుగాలి ఆగదు. రంగు వేసేది కాంట్రాక్టు మనుషులే కావచ్చు, పక్కన నిలబడి చూసే కన్ను నీదైతే చాలు. తుప్పు గీకి, పైన ఉప్పు ఉండగానే రంగు వేస్తే కొన్ని నెలల్లోనే పొక్కులు లేస్తాయి. రంగు పొర గుండా తేమను ఆ ఉప్పే లాక్కుంటుంది. కాబట్టి మంచినీటితో ఒత్తిడిగా కడిగి, ఆరనిచ్చి, ఉప్పు మిగిలిందేమో పరీక్ష చేసి, అప్పుడే ప్రైమర్. గాలిలో తేమ 85 శాతం దాటినా, ఇనుము వేడి మంచుబిందువు (గాలిలో తేమ నీటిబొట్లుగా మారే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ లేకపోయినా ఆ రోజు బ్రష్ ముట్టకూడదు. విశాఖలో తెల్లవారుజామున ఇనుము చెమ్మగా ఉంటుంది, ఎండెక్కాక మొదలుపెట్టడం మేలు. బయటి తొడుగైన పై కేసింగుకూ, నీటి ఒత్తిడి తట్టుకునే లోపలి గట్టి గొట్టమైన ప్రెజర్ హల్‌కూ మధ్య నీరు పోయే రంధ్రాలు ఇసుకతో మూసుకుపోతాయి. వాన వెలిశాక ముందు చూడాల్సింది అవే, బయటి రంగు కాదు.

మూసి ఉన్న ట్యాంకులోకి మాత్రం ఎంత చనువున్నా తల పెట్టకు, పెట్టనివ్వకు. తుప్పు పట్టడమంటే ఇనుము లోపలి ఆక్సిజన్ తినేయడమే. వాసన ఉండదు, హెచ్చరిక ఉండదు. దిగినవాడు కూలిపోతాడు, తీయడానికి వెళ్లినవాడూ కూలిపోతాడు. గాలి ఆడించి, మీటరుతో కొలిచి, ఆక్సిజన్ 19.5 శాతానికి పైన ఉందని చూసి, బయట ఒక మనిషిని పెట్టాకే ఎవరైనా దిగాలి. ఆ కాలపు ఓడల్లో గొట్టాల చుట్టూ చుట్టింది ఆస్బెస్టాస్ కావచ్చు, గీకడం, డ్రిల్ వేయడం కుదరదు. పాత గడియారాల్లో, గేజిల్లో చీకట్లో మెరిసే రంగు ఉంటే అది రేడియం కావచ్చు, అద్దం విప్పకు.

ఇత్తడి మెరిపించాలనే ఉత్సాహం మనవాళ్లకు ఎక్కువ, ఓడలో నేర్పిందే అది. మ్యూజియంలో అది పనికిరాదు. పాలిష్ పెట్టిన ప్రతిసారీ కాస్త లోహం పోతుంది. రష్యన్ అక్షరాల ప్లేట్లు అలాగే చెరిగిపోతాయి. మెత్తటి పొడిబట్టతో తుడిచి, ఏడాదికోసారి పల్చగా మైక్రోక్రిస్టలైన్ మైనం పట్టిస్తే చాలు. ఎవరైనా పాత యూనిఫాం, మెడల్, ఫోటో తెచ్చి ఇస్తే ముందు రసీదు రాయి: ఇచ్చింది ఎవరు, ఎవరిది, ఏ బోటు, ఏ ఏడాది, దానమా తాత్కాలికమా. ఆ కాగితం లేని వస్తువు ఇరవై ఏళ్ల తర్వాత ఎవరిదో తెలియని ఇనుపముక్క. ఫోటో వెనక బాల్‌పెన్నుతో రాయకు, మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయి. సెల్లోటేపు అంటించకు. రిబ్బన్లు, బట్టలు, కాగితాలు 50 లక్స్ వెలుతురు దాటని చోట ఉండాలి. లోహం ఉన్న అర మాత్రం సిలికా జెల్‌తో పొడిగా ఉంచు, గింజల రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడొచ్చు.

ఇప్పుడు అన్నింటికంటే తొందరైన పని. 1960ల్లో సోవియట్ వెళ్లి, రష్యన్ నేర్చుకుని ఈ బోట్లు తెచ్చినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటింది. విశాఖలో ఉన్నవాళ్లను వెతికి వాళ్ల మాట రికార్డు చెయ్యి. ఫ్యాను ఆపిన గది, ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో, మనిషికి అడుగు దూరంలో. గంట మించితే అలసిపోతారు. "ఎలా అనిపించింది" అని అడిగితే అందరూ ఒకటే చెబుతారు. "వాచ్‌కి (డ్యూటీకి) వచ్చాక మొదట చెయ్యి పెట్టేది ఏ వాల్వు మీద?" అని అడుగు, చేతులు కదులుతాయి, మాట దానంతటదే వస్తుంది. తారీఖు తప్పు చెప్పినా మధ్యలో దిద్దకు, పక్కన రాసుకుని చివర్లో అడుగు. బయటపెట్టకూడనివి ఉంటే ఆ నిమిషాలు గుర్తు పెట్టి, వాళ్ల సంతకం తీసుకుని, రెండు కాపీలు వేరువేరు చోట్ల దాచు. ఇంట్లోవాళ్లకు కూడా ఒకటి ఇవ్వు.

మొదటి ఆదివారం ఎవరికీ చూపించకు. పాతవాళ్ల వెనకాల రోజంతా తిరిగి, జనం ఎక్కడ ఆగుతున్నారో, ఏం అడుగుతున్నారో చిన్న పుస్తకంలో రాసుకో. రబ్బరు సోలు బూట్లు, చిన్న టార్చి, మంచినీళ్లు తీసుకెళ్లు. ఆ పుస్తకం దసరాకి వచ్చేటప్పుడు తీసుకురా, ఇద్దరం కూర్చుని జవాబులు సరిచూద్దాం. అమ్మ నీకూ కోడలికీ పిల్లలకూ ఆశీస్సులు చెప్పమంది.

మీ నాన్న