మాకూ మారటోరియం ఇప్పించండి, మంత్రి గారూ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇది నేను రాస్తున్న ఐదో ఉత్తరం. మొదటి నాలుగూ తమిళంలో, అర్జీ రూపంలో, పద్ధతిగా రాసి ఇచ్చాను. మూడింటికి జవాబు లేదు. నాలుగోదానికి మాత్రం నా విన్నపం పరిష్కారమైందని ఫోనుకు సందేశం వచ్చింది. ఆ మధ్యాహ్నం బయటికి వచ్చి చూస్తే మా మెస్సు ముందు మెట్రో పనుల బారికేడ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. అందుకే ఈసారి నా గోడు నా భాషలో, పదిమంది కంటా పడేలా రాస్తున్నాను.

చెన్నై మెట్రో రెండో దశ గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ముందుగా ఒక మాట. అప్పు చేసి మెట్రో కట్టడం తప్పని నేను అనను. మా దగ్గర భోంచేసే పెద్దమనుషులు కొందరు, ప్రభుత్వం తలకు మించి అప్పులు చేస్తోందని రోజూ వాదిస్తారు. నేను ఒప్పుకోను. రెండు మూడు తరాలు వాడుకునే వంతెననూ సొరంగాన్నీ ఈ ఏడాది పన్నుల డబ్బుతోనే కట్టాలంటే ఏ ఊళ్లోనూ కట్టలేరు. రేపు ఆ రైలెక్కేవాళ్లు కూడా అందులో కొంత మోయడం న్యాయమే. 2015 జూన్ 29న కోయంబేడు, ఆలందూరు మధ్య నడిచిన మొదటి మెట్రో కూడా జపాన్ అప్పుతో కట్టిందే. మోకాళ్ల నొప్పులతో బస్సు మెట్లు ఎక్కలేని మా అమ్మను ఆ నెలలోనే తీసుకెళ్లాను. లిఫ్టులో పైకి వెళ్లి, కిటికీ పక్కన కూర్చుని, దిగనంటే దిగనంది. ఆ అప్పు చేసినవాళ్లకు ఆ రోజు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఇప్పటి అప్పు లెక్కలో మేము ఎక్కడా కనబడకపోవడమే నా బాధ.

2024 అక్టోబరు 3న కేంద్ర మంత్రివర్గం రెండో దశను ఆమోదించినప్పుడు పేపర్లో ఆ వివరాలు రెండుసార్లు చదివాను. మొత్తం 118.9 కిలోమీటర్లకు 63,246 కోట్ల రూపాయలు. అందులో 33,593 కోట్లు రుణం. జపాన్ వారి జైకా, ఆసియా అభివృద్ధి బ్యాంకు వంటి సంస్థలు ఇస్తున్నాయి. తీర్చడానికి దాదాపు 30 ఏళ్ల గడువు, అందులోనూ మొదట కనీసం ఐదేళ్లు మారటోరియం, అంటే కిస్తీలు కట్టనక్కర్లేని విరామం. మామూలుగా పని పూర్తయ్యాకే కిస్తీలు మొదలవుతాయి. సరైన ఏర్పాటే. రాబడి మొదలు కాకుండా అప్పు కట్టమంటే ఎవరు మాత్రం కట్టగలరు? మరి మా విషయంలో ఈ మాట ఎవరికీ ఎందుకు తోచలేదు?

మాది ఆర్కాట్ రోడ్డు మీద చిన్న ఆంధ్రా మెస్సు. తెలుగు సినిమాలు ఇక్కడే తీసే రోజుల్లో మా నాన్న షూటింగులకు వంట చేసేవారు. పరిశ్రమ హైదరాబాద్ వెళ్లిపోయినా ఆయన వెళ్లలేదు. సాలిగ్రామం, వడపళని వాళ్లకు మన పప్పు, గోంగూర అలవాటైపోయాయని ఇక్కడే మెస్సు పెట్టారు. బారికేడ్లు రాకముందు మధ్యాహ్నం 180 భోజనాలు పోయేవి. ఇప్పుడు 60 దాటితే ఆ రోజు బాగా జరిగినట్టు. వంటలో తేడా ఏమీ లేదు, బండి ఆపే చోటు పోయింది. అన్నం తినడానికి అరగంట తీరిక ఉన్న మనిషి బండి పెట్టుకోవడానికి ఇరవై నిమిషాలు వెతకడు కదా.

నీళ్ల ట్యాంకరు లోపలికి రాదు. సందు చివర ఆగితే అక్కడి నుంచి గొట్టం వేయించుకోవాలి, దానికి మళ్లీ వేరే డబ్బు. గ్యాస్ సిలిండర్లను బారికేడ్ల రేకుల మధ్య మనిషి పట్టేంత సందులోంచి దొర్లించుకుని తెచ్చుకుంటున్నాం. పని సాగినంతసేపూ దుమ్ము. వడ్డించిన విస్తరి మీద రెండో విస్తరి కప్పి ఇచ్చిన రోజులున్నాయి. కార్తీక మాసం వానలకు తవ్విన చోటంతా నీరు నిలిచి, మురుగు కలిసి, గడప దాకా వచ్చింది. ఆ వారం పొయ్యి వెలిగించలేదు. పద్నాలుగేళ్లు మాతో ఉన్న నెల్లూరు వంట మాస్టరు, జీతం రెండు నెలలు ఆగిపోయేసరికి ఊరికి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు బాకీ అడగలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

అద్దె మాత్రం ఆగలేదు. దానికోసం నేనూ అప్పు చేశాను. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ, ఏడాదికి 36. తీసుకున్న నెల తిరగకుండానే వడ్డీ మొదలైంది. మీ మెట్రో కోసం తెచ్చిన అప్పుకు ఐదేళ్ల గడువుంది. అదే మెట్రో వల్ల నేను చేసిన అప్పుకు ఐదు వారాలైనా లేదు. ఇది మీకు న్యాయంగా తోస్తోందా?

రోడ్డు పక్క స్థలం పోయిన యజమానులకు పరిహారం అందింది, సంతోషం. మేము అద్దెకున్నవాళ్లం. మా స్థలం పోలేదు, వ్యాపారం పోయింది. దాన్ని రాసుకునే గడి ఏ కాగితంలోనూ లేదని ఒక కార్యాలయంలో చెప్పారు. రుణమిచ్చే ఆసియా అభివృద్ధి బ్యాంకు నిబంధనల్లోనేమో, భూమి మీద హక్కు లేనివారైనా ప్రాజెక్టు వల్ల నష్టపోతే సాయం అందాలని ఉంది. అప్పిచ్చేవాళ్లకు తట్టిన మాట మనవాళ్లకు తట్టకూడదా?

నాకు వచ్చిన లెక్క ఒకటి చెబుతాను. 63,246 కోట్లలో నూటికి పావలా చొప్పున పక్కన పెట్టినా 158 కోట్లు అవుతుంది. ఆ డబ్బుతో బారికేడ్ల వెనక ఉన్న చిన్న దుకాణాలకు వడ్డీ లేని రుణం ఇప్పించండి. దానమేమీ వద్దు, తీర్చేస్తాం. రైలు నడిచాక కిస్తీలు మొదలుపెట్టమనండి, మెట్రోకు పెట్టినట్టే. పని అయిపోయిన చోట రేకులైనా తీయించండి. మా ఎదురుగా స్తంభం లేచి చాలా నెలలైంది, చుట్టూ రేకులు ఇంకా ఉన్నాయి. వాటిని పది అడుగులు వెనక్కి జరిపినా నాలుగు బండ్లు నిలుస్తాయి. అదైనా చేయించండి, మంత్రి గారూ. ఏదో ఒకటి చేయించండి.

మా ఇంటి యజమాని సంక్రాంతి దాకా ఆగుతానన్నారు. ఆ తర్వాత మెస్సు ఖాళీ చేసి, ఇచ్చిన అడ్వాన్సులో బాకీ పోను మిగిలింది తీసుకోమన్నారు. లెక్క చూస్తే మిగిలేది ఏమీ లేదు. మీ జవాబు ఆలోపు రావాలి.

ఇట్లు,
ఆర్కాట్ రోడ్డులో ఒక మెస్సు యజమాని,
చెన్నై