చిన్నాకి, గేర్ బాక్స్ సంగతి

నాన్నా చిన్నా,

నువ్వు పంపిన గేర్ బాక్స్ ఫోటోలు మళ్ళీ ఇవ్వాళ చూశాను, అమ్మ ఫోనులో పెద్దవి చేసి చూపించింది. ఫోర్డ్ టైప్ 9 అన్నావు, ఫోర్డ్ సియెర్రా కార్లలో వచ్చేది, 5 గేర్లు. బెల్ హౌసింగ్, అదే ఇంజన్‌కీ బాక్సుకీ మధ్యనుండే గంటలాంటి తొడుగు, విడిగా ఊడొస్తుంది కాబట్టి నీ ఎంజీబీ కారు ఇంజన్‌కి వేరే హౌసింగ్ వేసి కలపడం తేలిక, మంచిదే ఎంచుకున్నావు. ఆ ఫోటోలు సంక్రాంతికి ముందువి, తర్వాత నీ దగ్గర్నుంచి ఫోను లేదు, మెసేజ్ పెడితే "బిజీ నాన్నా" అని ఒక్క ముక్క, ఉగాది కూడా వెళ్ళిపోయింది. పనుంటుంది, నాకు తెలుసు, అందుకే ఊరికే ఫోన్లు చెయ్యకుండా రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

నీ కారు ఇంజన్ నాకు కొత్తేం కాదురా. మన అంబాసిడర్‌లో 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ ఉండేదే, నీ 1798 సీసీది దానికి తోబుట్టువు, రెండూ బీఎంసీ కంపెనీ బీ సిరీసే. ఆటోనగర్‌లో నేను పని నేర్చుకున్నదే ఆ ఇంజన్ మీద. గట్టి ఇంజన్, ఆయిల్ మార్చుకుంటూ పోతే మొరాయించదు. కాకపోతే నీ 1971 మోడల్‌కి ఉన్న పాత గేర్ బాక్స్‌లో టాప్ గేరంటే 1కి 1, వెనక యాక్సిల్ రేషియో 3.9. గంటకి 70 మైళ్ళు పోవాలంటే ఇంజన్ నిమిషానికి సుమారు 3900 చుట్లు తిరగాలి, కోవెంట్రీ నుంచి మోటార్‌వే ఎక్కి లండన్ దాకా ఆ గోల వింటూ పోవాలంటే ఎవరికైనా తల పగిలిపోద్ది. టైప్ 9లో ఐదో గేరు 0.82 కాబట్టి అదే స్పీడుకి 3200 చాలు. ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజన్ చుట్లు తగ్గించే అదనపు గేరు, ఉన్న కార్లకి ఆ బాధ లేదు, నీదానికి లేదు కాబట్టి మార్చడంలో న్యాయం ఉంది. అమ్మ "యాభై ఏళ్ళ కారుకి కొత్త గేర్ బాక్సెందుకు" అంటే నేనే సర్దిచెప్పాను.

ఒకటి చూసుకో, నీకొచ్చిన బాక్సు 4 సిలిండర్లదా, ఆరు సిలిండర్ల వీ6దా? నాలుగు సిలిండర్లదైతే ఫస్ట్ గేర్ 3.65, సెకండ్ 1.97, మధ్యలో గ్యాప్ ఎక్కువ, ఆ 3.9 యాక్సిల్‌తో ఫస్ట్ మరీ పొట్టిదైపోద్ది, కదిలీ కదలకముందే సెకండ్ వెయ్యాలి. వీ6 బాక్సుకి ఫస్ట్ 3.36, అది నీ కారుకి బాగుంటుంది కానీ ఇంజన్ వైపుండే దాని ఇన్‌పుట్ షాఫ్ట్ పొడవు వేరు, హౌసింగ్ కొనేముందే కొలువు. కొలిచి కాగితం మీద రాసుకో, బుర్రలో పెట్టుకుంటే చాలదు. అన్నట్టు కొలిచేటప్పుడు రెండు చేతులూ కావాలి.

శ్రావణి లెస్టర్ నుంచి సుబ్బులు పిన్నికి ఫోన్ చేసి ఏవో మాటల్లో, చిన్నన్నయ్య చేతికి కట్టు కట్టుకుని కనపడ్డాడు అందట. పిన్ని అమ్మకి చెప్పలేదు, నాకు చెప్పింది. నేను పట్టించుకోలేదు, ఏదో గీసుకుని ఉంటాడులే అన్నాను. తర్వాత గుర్తొచ్చింది, ఆఖరిసారి వీడియోలో మాట్లాడినప్పుడు నీ ఎడం చెయ్యి ఒక్కసారి కూడా కనపడలేదు. కాఫీ కప్పు కుడిచేత్తో పక్కన పెట్టి, ఫోను గోడకి ఆనించి, మళ్ళీ అదే చేత్తో కప్పు తీసుకున్నావు. నువ్వు పుట్టు ఎడంచేతివాడివి. సర్లే, ఆ సంగతి తర్వాత చూద్దాం.

క్లచ్ ప్లేట్ దగ్గర మోసపోకు. చుట్టుకొలత నీ ఎంజీబీ ప్రెజర్ ప్లేట్‌ది, నడిమి పళ్ళు ఫోర్డ్ షాఫ్ట్‌వి, రెండూ కుదిరిన ప్లేటే కావాలి. అలాగే క్రాంక్ చివర గేర్ బాక్స్ షాఫ్ట్ మూతి కూర్చునే స్పిగాట్ బుష్, బయటి సైజు నీ క్రాంక్‌ది, లోపలి సైజు ఫోర్డ్ షాఫ్ట్ మూతిది. కిట్‌లో వచ్చిందే కదా అని కళ్ళుమూసుకుని దిగ్గొట్టకు, షాఫ్ట్ మీద చేత్తో తొడిగి చూడు, ఊగకూడదు, బిగవకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం సెంటరింగ్. కొత్త బెల్ హౌసింగ్ ఇంజన్‌కి బిగించాక గేర్ బాక్స్ కూర్చునే ఆ గుండ్రటి రంధ్రం క్రాంక్‌కి సరిగ్గా నడిమధ్యలో ఉందో లేదో చూడకుండా ఎక్కించకు. సన్న తేడాని ముల్లుతో చూపించే డయల్ గేజ్ ఫ్లైవీల్ మీద నిలబెట్టి, మూతి ఆ రంధ్రం అంచుకి ఆనించి, ప్లగ్గులు పీకేసి ఇంజన్ చేత్తో మెల్లగా తిప్పు. ముల్లు మొత్తం కదలిక 5 థౌ లోపు ఉండాలి, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, మొత్తం 0.13 మిల్లీమీటర్. అసలు తేడా అందులో సగమే, ముల్లు రెట్టింపు చూపిస్తుంది, కంగారుపడకు. ఎక్కువుంటే ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు, అంటే నడుమ కాస్త పక్కకి జరిగిన పిన్నులు, వేసి సర్దాలి, బోల్టు రంధ్రాలు పెద్దవి చేసి సర్దడం మాత్రం వద్దు.

ఎందుకింత చెప్తున్నానంటే గుడివాడ ట్యాక్సీ ఆయన నీకు గుర్తుండే ఉంటాడు, నీకు జీళ్ళు తెచ్చేవాడు. డీజిల్ చవగ్గా ఉన్న రోజులు, అందరూ అంబాసిడర్లకి మాటాడార్ డీజిల్ ఇంజన్ వేయించుకునేవాళ్ళు, ఆయనా ఎక్కడో వేయించాడు. ఇంజన్‌నీ గేర్ బాక్స్‌నీ కలిపే అడాప్టర్ ప్లేట్ గ్యాస్ కటింగ్‌తో కోసి, సుద్దముక్కతో గుర్తులు పెట్టి రంధ్రాలు కొట్టేశారు. బండి కదిలింది, డబ్బులిచ్చి తీసుకెళ్ళాడు. కొన్నాళ్ళకి క్లచ్ ప్లేట్ నడిమి భాగం ఊడింది, మార్చాడు, మళ్ళీ ఊడింది. ఆ తర్వాత థర్డ్ గేర్ దానంతటదే ఊడి న్యూట్రల్‌లో పడ్డం మొదలెట్టింది, పాపం డ్రైవరు ఓ చేత్తో గేర్ రాడ్ పట్టుకుని నడిపేవాడు. తిరగని షెడ్డు లేదు, అందరూ గేర్ బాక్స్ విప్పి బేరింగులు మార్చి పంపడమే. మన దగ్గరికొచ్చాక మన షెడ్డులో పనిచేసే మస్తాన్ స్పిగాట్ బుష్ తీసి నా చేతిలో పెట్టాడు, కోడిగుడ్డులా సాగిపోయి ఉంది. వెంటనే డయల్ గేజ్ పెట్టాం, ముల్లు 30 థౌ దాటి పోయింది. గేర్ బాక్స్ తప్పేం లేదు, ప్లేటు వంకర. షాఫ్ట్ తిరిగిన ప్రతి చుట్టుకీ బేరింగ్‌ని పక్కకి నెడుతూనే ఉంది. లేత్ మీద ప్లేటు కొత్తగా చేయించి, పిన్నులు సర్ది 4 థౌకి తెచ్చాం. ఆ బండి ఆయన కూతురు పెళ్ళిదాకా తిరిగింది.

కానీ ఆ గేర్ బాక్స్ తిరిగి ఎక్కించేరోజు నేను స్పేర్ల కోసం వన్ టౌన్ వెళ్ళా, మస్తాన్ ఒక్కడే ఉన్నాడు. చైన్ బ్లాక్‌తో ఎత్తి లోపలికి తోస్తుంటే డోవెల్ దొరకలేదు. సందులో వేలు పెట్టి తడిమాడు. అప్పుడే షాఫ్ట్ పళ్ళు కలిశాయి, బాక్స్ జారి దబ్బున కూర్చుంది. ఎడం చెయ్యి, ఉంగరం వేలు. వాడేం చేశాడో తెలుసా, డీజిల్ తడిసిన వేస్ట్ గుడ్డ చుట్టుకుని ఆ చెయ్యి జేబులో పెట్టుకుని తిరిగాడు. వాళ్ళమ్మకి చెప్పలేదు, నాకు చెప్పలేదు, అడిగితే "ఏం లేదు మేస్త్రీ, చెయ్యి బాగుంది" అంటాడు. మణికట్టు దాకా వాచాక జ్వరమొచ్చి పడిపోతే అప్పుడు తెలిసింది. ఆస్పత్రిలో వేలి చివర తీసేశారు. మొదటిరోజే చూపించి ఉంటే గోరుతో పోయేదన్నాడు డాక్టరు. ఇప్పటికీ చలికాలం ఆ వేలు పట్టుకుని కూర్చుంటాడు, మీ దగ్గర చలి అసలే ఎక్కువ.

నీ కారుకి ఇంజనూ గేర్ బాక్సూ కలిపే బయటికి తియ్యాలి కదా, విడిగా గేర్ బాక్స్ ఒక్కటీ రాదు. అంత బరువు ఒక్కడివి ఎలా దింపావు? క్రేన్ అద్దెకి తెచ్చావా? ఎవరైనా పక్కనున్నారా? వెనక ఇంటి పోలిష్ అబ్బాయి సాయమొస్తాడని అన్నావు, వస్తున్నాడా? ఒక్క జాకీ మీద ఉన్న కారు కిందకి దూరకు, స్టాండ్లు పెట్టు, పెట్టాక కూడా చక్రాలు పక్కన పడుకోబెట్టు. రాత్రి పదిన్నర దాటితే పని ఆపెయ్, అలిసిన చేతులకి పట్టుండదు. బాక్స్ తోసేటప్పుడు సందులో వేలు వద్దు నాన్నా, బోల్టు తలలు కోసేసి పొడవాటి గైడ్ పిన్నులు చేసుకో, వాటి మీద జారి అదే కూర్చుంటుంది.

పాతదానిలో ఇంజన్ ఆయిలే పోసేవాళ్ళం, టైప్ 9కి అది పొయ్యకు, 80 గేర్ ఆయిల్ పొయ్యి. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మారుతుంది, చేయించాక బ్యాలెన్స్ చేయించు, అది ఎగ్గొడితే మోటార్‌వే మీద కారంతా వణుకుద్ది. స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది, సరిచేయించు. పాత గేర్ బాక్స్ మాత్రం అమ్మకు, ఎవరెంతిస్తానన్నా వద్దు, ఆయిల్ రాసి గోనెసంచిలో చుట్టి పెట్టు, రేపు కారు ఒరిజినల్‌గా కావాలనిపిస్తే అక్కరకొస్తుంది. ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా ఓ మాట చెప్పు.

ఆవకాయ, నల్లకారం, నువ్వుండలు పార్శిల్ చేశాం, అందులోనే అమ్మకి తెలీకుండా ఓ డబ్బా పెట్టా, మన షెడ్డు డయల్ గేజ్, మాగ్నెట్ స్టాండుతో సహా. అక్కడ కొత్తది దొరుకుతుందని తెలుసు, ఇది వాడు. టీటీ ఇంజక్షన్ చేయించుకున్నావా? కుట్లు పడ్డాయా? ఎముకకి తగిలిందా? ఎక్స్‌రే తీయించారా? తిట్టను, ఒట్టు, మీ అమ్మకి నేనే నెమ్మదిగా చెప్తా.

ఆదివారం మీకు మధ్యాహ్నం 2కి, మాకు సాయంత్రం ఆరున్నరకి, నేను ఫోన్ చేస్తా. మస్తాన్ కూడా ఉంటాడు, గేర్ బాక్స్ చూడాలంటున్నాడు. వీడియో పెట్టు, ఎడం చెయ్యి ఎలా ఉంటే అలా చూపించు. అప్పటిదాకా ఇంజన్ మళ్ళీ కారులోకి దించొద్దు.

మీ నాన్న