పడవలు లేని స్టాల్

ఏరా మావా,

ఎలా ఉన్నావ్, పిల్లలెలా ఉన్నారు? బెంగళూరు చిత్రసంతెలో, అదే ఆ బొమ్మల సంతలో, ఏమైందని ఫోన్‌లో అడిగావు కదా, అప్పుడు బస్సులో ఉన్నా, సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నా.

నీకు తెల్సుగా, పదకొండేళ్లు నేను వేసినవన్నీ పడవల బొమ్మలే, విశాఖ ఫిషింగ్ హార్బర్, జాలారిపేట వలలు, డాల్ఫిన్ నోస్ కింద అలలు. ఇంటద్దె వాటితోనే గడిచింది, వాటిని నేనెప్పుడూ తక్కువ చెయ్యను. కానీ కిందటి వానల్లో భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బల దగ్గర, నీళ్లు మట్టిని కోసుకుంటూ పోయిన గాడులు చూస్తూ అలా నిలబడిపోయా, ఇంటికొచ్చి పడవ వేద్దామంటే చెయ్యి ఆడలేదు. అక్కడి మట్టి పిడికెడు కూడా తియ్యలేదులే, జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించిన చోటు అది. మా పెదనాన్న పొలం గట్టు మట్టి తెచ్చి బకెట్ నీళ్లలో కలిపి, ఇసుక అడుక్కి దిగాక పైన ఎర్రనీళ్లు వేరే గిన్నెలోకి వంచి, ఆరాక మిగిలే మెత్తటి పొడిలో తుమ్మ జిగురు కలిపి వేస్తున్నా. బెంగాలీ చిత్రకారుడు జామినీ రాయ్ కూడా కలకత్తా ఆర్ట్ స్కూల్లో నేర్చుకున్న పాశ్చాత్య పద్ధతి వదిలేసి అక్కడి జానపద పటచిత్రాల వైపు, మట్టి రంగుల వైపు వెళ్లాడు కదా, ఆయన్ని తల్చుకుని ధైర్యం తెచ్చుకున్నా.

చిత్రసంతె అంటే ఏడాదికి ఒక్క ఆదివారం, కుమారకృపా రోడ్డు పొడుగునా జనమే జనం. భయమేసి సగం పడవలు, సగం ఈ మట్టి రంగుతో వేసిన బొమ్మలు పెట్టా. అదే తప్పు రా. ఆగిన ప్రతివాళ్ల కళ్లూ పడవల మీదకే పోయాయి. ఒకాయనైతే ఈ ఎర్రవి వేరేవాళ్లవా అని అడిగాడు, ప్రాణం చివుక్కుమంది. మధ్యాహ్నం పడవలన్నీ దించేసి బల్ల కింద పెట్టేసా, ఒక్కటి తప్ప, నేను వేసిన ఆఖరి పడవ, ఎర్రమట్టిలో సగం కూరుకుపోయి ఉంటుంది చూడు, అది. ఆగేవాళ్లు తగ్గారు గానీ ఆగినవాళ్లు ఆ బొమ్మ దగ్గర మొదలుపెట్టి పక్కవి ఒక్కోటీ చూసుకుంటూ వెళ్లారు, ఏ మట్టి, ఎలా అంటించావ్, చేత్తో ముట్టుకోవచ్చా అని అడిగారు. చిన్నవి రెండు పోయాయి. పొద్దున్న అమ్మిన మూడు పడవలకీ ఎక్కువ డబ్బొచ్చింది, అయినా ఆ రెండూ నాకెంత ముఖ్యమో నీకు వేరే చెప్పాలా.

బాధ పడింది ఒక్కచోటే. నా పడవలు నాలుగు కొన్న డాక్టరమ్మ గారు ఐదోది తీసుకుందామని వెతుక్కుంటూ వచ్చి, ఇవి చూసి మాట్లాడకుండా నిలబడిపోయారు. తప్పు ఆవిడది కాదు, ముందే నాలుగు ఫొటోలు వాట్సాప్‌లో పంపి నేను మారాను మేడమ్ అని చెప్పాల్సింది నేను. నువ్వు పోర్ట్రెయిట్లు మానేసి ఆ గీతల బొమ్మలు స్టాల్లో పెడతానంటున్నావుగా, పాత కస్టమర్లకి ముందే చెప్పుకో, రేటు మాత్రం కొత్తవని తగ్గించకు, అదే సైజుకి అదే రేటు. పాతవాటిలో కొత్తవాటికి దారి చూపించే బొమ్మ ఒక్కటి ఉంచు చాలు.

వచ్చే నెల విశాఖ వస్తావుగా, పెద్ద బొమ్మ చూద్దువుగాని. ఆరాక పైన మట్టి ఇంకా పొడిపొడిగా రాలుతోంది రా, జిగురు పెంచితే పగుళ్లిస్తోంది, నీకేమన్నా ఉపాయం తెలిస్తే వెంటనే రాయి.