అనాధీనం అని రాసిన బీడు గురించి అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

మా నాయన వేటగాడు. మాది యానాది ఇల్లు, నెల్లూరు జిల్లా కలిగిరి వైపు మెట్ట. ఊరి పక్క మేతబీడులో ఆయన ఉచ్చులు పెట్టి కౌజుల్నీ, పూరేడు పిట్టల్నీ, అప్పుడప్పుడూ చెవులపిల్లినీ పట్టేవాడు. కోతలప్పుడు పొగకుండతో ఎలుకలు పట్టడానికి రైతులే పిలిచేవాళ్లు. నాకు ఉచ్చు కట్టడం కూడా రాదు, చదువుకుని ఉద్యోగంలో పడ్డాను. వేటకు అనుమతి ఇమ్మని అడగడానికి రాస్తున్న ఉత్తరం కాదిది.

ఒకసారి నాయన రెండు కౌజులతో పట్టుబడ్డాడు. పొద్దుగూకిందాకా ఒక ఆఫీసు వరండాలో కూర్చోబెట్టారు. తప్పు తప్పే. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, 2022 సవరణతో జరిమానా లక్ష దాకా పెరిగింది. ఆ రోజు నుంచి ఆయన కౌజుల జోలికి పోలేదు.

ఆయన మానుకున్నాడు గానీ బీడు మిగల్లేదు. రెవెన్యూ రికార్డులో దాని పేరు 'అనాధీనం', అంటే ఎవరి అధీనంలోనూ లేనిది. రేగు, బలుసు, కలివి పొదలు, వాటి కింద గూళ్లు, ఉడుము బొరియలు, మేకలు పోయే బాట, మా ఆడవాళ్లు పుల్లలేరుకునే చోటు... ఊరి భూముల లెక్క రాసే అడంగల్లో వీటికి గడి లేదు. కొంత పట్టాలకు పోయింది, కొంత పలుకుబడి ఉన్నవాళ్లు కలుపుకున్నారు. మిగిలింది ఏదో ప్రాజెక్టుకని ఒక ఎండాకాలం జేసీబీలు దిగి నాలుగు రోజుల్లో చదును చేసేశాయి. ప్రాజెక్టు రాలేదు, సీమతుమ్మ వచ్చింది.

వేట అంటే ఏమిటో అదే చట్టంలో చదివాను. పిట్టల గుడ్లు పాడుచేసినా, గూళ్లు చెదరగొట్టినా వేటేనట! మరి ఆ జేసీబీ చేసిందేమిటి? పెనుశిల నరసింహ అభయారణ్యం హద్దు లోపల పొద నరికితే కేసు. హద్దు దాటితే పొదను అడిగే నాథుడు లేడు. 2006 అటవీ హక్కుల చట్టం అడవి భూమికే గానీ రెవెన్యూ బీడుకు వర్తించదు. ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించి పంచాయతీలకు అప్పజెప్పమని 2011లో జగ్పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. మా మండలంలో ఆ తీర్పు నడిచిన జాడ నాకైతే కనపడలేదు.

నెల్లూరులో సర్జనుగా పనిచేసిన జెర్డాన్ పేరు మీద ఒక పిట్ట ఉంది, కలివికోడి. అంతరించిందనుకున్న ఆ పిట్టను 1986లో కడప జిల్లాలో, రాత్రిపూట లైటు వేసి పట్టిచ్చింది ఓ పల్లెటూరి వేటగాడు. పట్టిన పిట్ట బతకలేదు, అదీ చెప్పాలి. కానీ అది ఎక్కడ తిరుగుతుందో ఎరిగినవాడు అతనే. నల్లమలలో పులుల కాపలాకు చెంచుల్ని పెట్టుకున్నది మీ శాఖే. చెన్నై పక్కన ఇరుళర్లనే గిరిజనులు 1978 నుంచి సహకార సంఘం పెట్టుకుని, పాముల విషం తీసి మళ్లీ వదిలేస్తున్నారు. మెట్ట యానాదులకు మాత్రం కేసులే.

రెవెన్యూ మీ చేతిలో లేదని తెలుసు. మీ మాట ఫైలు మీద పడితే చాలు. పోరంబోకును ఎవరికి ఇచ్చినా, ఇచ్చే ముందు మీ రేంజరు ఆ ఊరి యానాదిని కూలి ఇచ్చి వెంటబెట్టుకుని నడవాలి. అక్కడ ఏముందో రాసి గ్రామసభలో చదవాలి. గూళ్ల కాలంలో యంత్రాలు దిగకూడదు. పరిశ్రమలు వద్దనడం లేదు, మా పిల్లలకూ ఉద్యోగాలు కావాలి.

పక్క ఊరి గుట్ట పోరంబోకులో మొన్న సర్వేరాళ్లు పాతారు. అక్కడింకా కౌజులున్నాయి. నాయనకు డెబ్బై దాటినా నడవగలడు. మీవాళ్లెవరైనా వస్తే తానే చూపిస్తానన్నాడు. తెల్లవారకముందే రమ్మని చెప్పమన్నాడు, ఎండెక్కితే కౌజు కూయదట.

ఇట్లు,
కలిగిరి మెట్ట నుంచి ఒక యానాది కొడుకు