ఆ ప్రెస్ గది తాళం తీయించండి, మంత్రి గారూ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇది నా ఐదో అర్జీ. మొదటి నాలుగూ సోమవారం గ్రీవెన్స్‌లో వరసలో నిలబడి ఇచ్చాను. రసీదులు భద్రంగా ఉన్నాయి. వెళ్లిన ప్రతిసారీ ఒకటే మాట: "పైకి పంపాం, పరిశీలనలో ఉంది." ఇక నలుగురూ చదివేలా రాయడం తప్ప నాకు దారి కనపడలేదు. ఎక్కడైనా మాట పెళుసుగా వస్తే పెద్దమనసుతో మన్నించండి.

చిత్రకారులు ప్రింట్లు తీసుకోవడానికి పెట్టిన గ్రాఫిక్స్ స్టూడియో పథకం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. డబ్బు మంజూరైంది, ఎచింగ్ ప్రెస్, అంటే గీతలు చెక్కిన లోహపు ప్లేటు నుంచి బొమ్మని కాగితం మీద అచ్చు వేసే యంత్రం, కూడా వచ్చింది. చిత్తూరులో దాన్ని లారీ నుంచి దింపిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఎనిమిది మంది పట్టారు. దాని చక్రం మీద చెయ్యి వేస్తే కొత్త గ్రీజు వేళ్లకి అంటింది. ఇంక ప్లేట్లు సంచిలో వేసుకుని చెన్నై బస్సు ఎక్కే పని లేదని ఆ రాత్రి మా ఆవిడతో చెప్పాను.

మూడేళ్లయింది. అప్పుడు వేసిన తాళం ఇప్పటికీ తీయలేదు. మొన్న వానలు వెలిశాక కిటికీ సందులోంచి చూశాను. టార్పాలిన్ ఒక పక్కకి జారిపోయింది. స్లాబు నుంచి కారిన నీళ్లు ప్రెస్ బెడ్ మీద, అంటే ప్లేటు పెట్టే ఇనుప పలక మీద, నిలిచి ఎర్రటి చారలు కట్టాయి. ప్లేటు మీద పరవాల్సిన ఫెల్టుల్ని, ఆ మందపాటి ఉన్ని గుడ్డల్ని, ఎలుకలు కొట్టేశాయి. సార్, ఎచింగ్ ప్రెస్‌కి బెడ్డే ప్రాణం. అది గుంటలు పడితే ఒత్తిడి సమానంగా పడదు. ఒకచోట గీత నల్లగా వస్తుంది, పక్కనే అసలు రాదు. కరెంటు కూడా అక్కర్లేని యంత్రం అది, చేత్తో చక్రం తిప్పితే చాలు. దాన్ని నేలకి బోల్టులతో బిగించి, కారే కప్పు బాగుచేసి, నేర్పే మనిషి ఒకర్ని వేయడానికి మూడేళ్లు సరిపోలేదా?

నాకెందుకింత తొందరో చెప్తాను. నేను గుట్టలు గీసేవాణ్ణి. మొదట నీటిరంగుల్లో వేసేవాణ్ణి, తర్వాత జింక్ ప్లేటు మీదకి మారాను. మా బండరాళ్ల గరుకుదనం నాకు యాసిడ్ కొరికిన గీతలోనే దొరికింది. ప్లేటుకి ఇంకు పట్టించి, గుడ్డతో తుడిచి, చివరికి అరచేత్తో తుడుస్తాం. గీతల్లో ఇరుక్కున్న ఇంకు మాత్రం మిగులుతుంది. తడిపిన కాగితం పరిచి చక్రం తిప్పి, మూల పట్టుకుని మెల్లగా లేపితే, గుట్ట తిరగబడి కాగితం మీదకి వస్తుంది. ఇన్నేళ్లయినా ఆ క్షణంలో ఊపిరి బిగపడతాను.

మా ఊరి పడమటి గుట్టని ఇరవై ఏళ్ల కిందట అలా ప్లేటు మీదకి ఎక్కించాను. ఇప్పుడు అది సగమే ఉంది. మిగతా సగం గ్రానైట్ దిమ్మెలై లారీల్లో పోయింది. పూర్తి గుట్ట నా ప్లేటు మీదే ఉంది. అలాంటివి అరవై ప్లేట్లు. గ్రీజు రాసి, పాత పేపర్లలో చుట్టి, మంచం కింద పెట్టాను. అయినా అంచుల్లో తెల్లటి పొడి పడుతోంది. జింక్ పాడవడం మొదలైందంటే సన్నగీతలు ముందు పోతాయి. ప్రతి వానాకాలం నాకు ఇదే టెన్షన్.

ఇది నా ఒక్కడి బాధ కూడా కాదు. ఫైన్ ఆర్ట్స్ చదివి వచ్చిన పిల్లలు మా ఇంటికి వస్తారు. ఒకమ్మాయి లినోలియం షీటు మీద బొమ్మ చెక్కి, ప్రెస్ లేక, స్టీలు గరిటె వెనక్కి తిప్పి గంటసేపు రుద్ది ప్రింట్ తీసింది. చెరువుగట్టు మీద చింతచెట్టు. ఎంత బాగుందో! వేళ్లకి మాత్రం బొబ్బలు.

ఈ జిల్లాలో నందనూరులో 1925లో పుట్టిన ప్రింట్ కళాకారుడు కృష్ణారెడ్డి గారు శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. పారిస్ వెళ్లి, హేటర్ అనే కళాకారుడు నడిపిన అటెలియే 17 అనే ప్రింట్ స్టూడియోలో ప్రపంచానికే ప్రింట్ పాఠం చెప్పారు. రకరకాల లోతుల్లో చెక్కిన ఒకే ప్లేటు మీద, ఒక ఇంకులో నూనె ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ కలిపి, మెత్తటి రోలరూ గట్టి రోలరూ వాడి, రంగులన్నీ ఒక్క దెబ్బలో అచ్చు వేసే పద్ధతిని పెంచి పోషించినవారాయన. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. 2018లో న్యూయార్క్‌లో పోయారు. ఆయన పుట్టిన జిల్లాలో పిల్లలు గరిటెతో రుద్దుకుంటుంటే, కొన్న ప్రెస్ తాళం వెనక తుప్పు పడుతోంది. ఇది రాస్తుంటే నాకు ఏడుపొస్తోంది.

నాకు సన్మానం వద్దు, పింఛను అడగడం లేదు. కప్పు బాగు చేయించండి. ప్రెస్ బిగించండి. నేర్పే మనిషిని వేయండి. వేసేదాకా నేనే వచ్చి నేర్పుతాను, జీతం వద్దు. ఫెల్టులు కూడా మేమే చందాలేసుకుని తెప్పించుకుంటాం. ఇవేవీ ఇప్పుడే కుదరవంటే, కనీసం ఆ గది తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని ఒక్కపూట తెరిపించండి. కిరసనాయిలు, గుడ్డలు, గ్రీజు డబ్బా పట్టుకుని నేనూ ఆ పిల్లలూ వస్తాం. మళ్లీ వానలు పడేలోపు బెడ్ తుడిచి గ్రీజు రాసి వెళ్లిపోతాం.

ఇట్లు,
చిత్తూరు జిల్లా చిత్రకారుడు