ఆ తెల్ల డబ్బీ

మహబూబ్‌నగర్ బస్టాండు,
ఆదివారం పొద్దున

ఒరేయ్ శీనూ,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయలేదు, కోపం తెచ్చుకోకు. బాపు బాగున్నాడు. పల్లీలు బాదేపల్లి మార్కెట్లో అమ్మేశాం. మిగతావన్నీ తర్వాత. నీకు రాఖీ కట్టే సరిత సంగతి ముందు చెప్పాలి.

సంబంధం కుదిరినప్పటి నుంచి ఎవరో ఒకరు "పిల్ల చామనఛాయ" అనడం, అది లోపల కుమిలిపోవడం. గాజుల దుకాణం ఆమె ముఖం తెల్లబడే క్రీమని ఒక తెల్ల డబ్బీ ఇచ్చింది. వారంలో ముఖం తెల్లబడింది రా, నిజంగానే. అమ్మ మురిసిపోయింది. నేనూ బాగుందే అన్నాను. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

రెండు నెలలు తిరిగేసరికి పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బు. నిద్ర చాలట్లేదేమో అనుకున్నాం. తర్వాత కాళ్లు. బొటనవేలితో నొక్కితే పడ్డ గుంట అలాగే ఉండిపోయేది. మూత్రంలో నురుగు. ఇక్కడ పరీక్ష చేసి, ప్రోటీన్ పోతోంది, హైదరాబాద్ తీసుకెళ్లండి అన్నారు. అక్కడ కిడ్నీ డాక్టర్ రిపోర్టులు చూసి అడిగిన మొదటి మాట ఏంటో తెలుసా? "అమ్మా, ముఖానికి ఏం రాస్తున్నావు?"

పాదరసం రా! చర్మంలో రంగునిచ్చే మెలనిన్ తయారవకుండా అడ్డుపడుతుంది, అందుకే అంత తొందరగా తెలుపు. చర్మంలోంచే ఒంట్లోకి దిగి కిడ్నీల్లో చేరుతుంది. 2023లో కేరళ మలప్పురంలో ఇలాంటి కేసులే వరుసగా బయటపడ్డాయట. ఒకే తువ్వాలు వాడతారు కదా, దాన్నుంచి అమ్మకూ అంటి ఉంటుందేమోనని డాక్టర్ ఆమెకూ పరీక్ష రాశాడు.

మన 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ముఖానికి రాసే క్రీముల్లో పాదరసం కలపనే కూడదు. తెలియకుండా చేరినా పది లక్షల పాళ్లలో ఒక్క పాలు దాటకూడదు. ఇంటికొచ్చి డబ్బీ తిప్పి తిప్పి చూశాను. చేసినవాడి అడ్రస్ లేదు, లైసెన్స్ నంబర్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు. బయటి దేశం సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, అదీ లేదు. లోపలి మడత కాగితం మీద మాత్రం "బంగారం, వెండి తగలనీయొద్దు" అని ఉంది. పాదరసం ఉందనడానికి అదే గుర్తట. పిచ్చిది, రోజూ రాత్రి నిశ్చితార్థం ఉంగరం తీసి దేవుడి గూట్లో పెట్టి మరీ రాసుకునేది.

మచ్చలు తగ్గడానికి నియాసినమైడ్ లాంటి మంచివి వచ్చాయట, అది బి3 విటమిన్ రకమే. కానీ వాటికి వారాలు పడుతుంది. వారంలో తెల్లబడిందంటేనే అనుమానించాలన్నాడు డాక్టర్.

క్రీము మానేశాక ప్రోటీన్ తగ్గుతోంది. నిన్న "పిల్లలమర్రి ఊడ" అన్నాను, పకపకా నవ్వింది. ఎన్నాళ్లకు నవ్విందో! ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. పెళ్లికి అబ్బాయి వాళ్లు ఆగుతామన్నారు, కానీ వాళ్ల మేనత్త... సరే, అది నువ్వొచ్చాక.

అసలు సంగతి ఇది. గాజులామెను నాలుగు దులుపుదామని పోయాను. అప్పుడే స్కూల్ నుంచి ఆమె కూతురు వచ్చింది. పద్నాలుగేళ్లుంటాయేమో. ముఖం తెల్లగా, మెడ మామూలుగా, కళ్ల కింద అదే ఉబ్బు. నాకు నోరు పెగల్లేదు. "అక్కా, ముందు పిల్లకు మూత్ర పరీక్ష చేయించు" అన్నాను. ఆమె అక్కడే కూలబడిపోయింది. మిగిలిన డబ్బీలన్నీ తనే తెచ్చి ఇచ్చింది, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు అప్పగించాం.

ఇప్పుడు ఆ తల్లీకూతుళ్లూ మాతోనే హైదరాబాద్ వస్తున్నారు. పిల్ల సరిత భుజం మీద తల పెట్టి పడుకుంది. మీ ఇంట్లో ఎవరు ఏం రాస్తున్నారో ఈరోజే అడుగు, డబ్బీ మీద నంబర్లు చూడు, మరిచిపోకు. ఇంకా చాలా ఉంది రాయాల్సింది, బస్సు వచ్చేసింది, సీట్లు